అమ్మ అడిగిన కార్జం

"అబ్బాయ్, ఈ బూట్లు నాకొద్దురా. గుచ్చుకుంటున్నాయి," అంది తపీసా.

జోటామీ మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలోని సీల్ తోలు బూటును తిప్పి చూశాడు. లోపల వేలు పెట్టి అడుగంతా తడిమాడు. మడమ దగ్గర కుట్టులో చిన్న ముడి తగిలింది. దాన్ని పంటితో కొరికి పక్కకు ఉమ్మి, బూటును మళ్ళీ ఆమె పాదం ముందు పెట్టాడు.

"ఇప్పుడు చూడమ్మా. ఒక్కసారి తొడుక్కుని చూడు."

"వద్దన్నానా?"

"సరేనమ్మా."

బూటు పక్కన పెట్టేశాడు. ఆరేళ్ళ పిల్ల రబ్బరు బూట్లు ఈడ్చుకుంటూ గుడారాల మధ్యకు పరిగెత్తింది. మే నెల ఎండ మంచు మీద పడి కళ్ళు తెరవనివ్వడం లేదు. ఆ రబ్బరు బూట్లలో సాయంత్రానికి పాదాలు తడిసి కొయ్యబారతాయని అతనికి తెలుసు. అయినా ఏం చేస్తాడు? అమ్మ వద్దంది.

తన కూతురికి అతను పెట్టింది తన తల్లి పేరు. ఆవిడ పోయిన కొన్ని నెలలకే ఈ పిల్ల పుట్టింది. పేరు పెట్టిన రోజు ఊళ్ళో ముసలివాళ్ళంతా వచ్చి, "తిరిగొచ్చావుటే తపీసా" అని బుగ్గలు పుణికి వెళ్ళారు. అప్పటినుంచి ఆమె అతనికి అమ్మ, అతను ఆమెకు అబ్బాయి. ఇందులో వింతేమీ లేదు. ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు ఇలా తిరిగొచ్చే ఉంటారు. దుకాణంలో అరవై ఏళ్ళ మనిషి పాలసీసా పట్టుకున్న పసివాణ్ణి "నాన్నా" అని పిలిస్తే ఎవరూ తల తిప్పి చూడరు. అలా పేరు మోస్తున్నవాళ్ళను గద్దించకూడదు. పేరు పెట్టి అసలే పిలవకూడదు. కన్నతల్లిని పేరు పెట్టి పిలిచే కొడుకు ఎక్కడైనా ఉంటాడా?

పక్క గుడారం ముందు టీ కప్పు పట్టుకుని నిలబడ్డ మొయిరా ఇదంతా చూసింది. తాగుడు మానినవాళ్ళ కుటుంబాల కోసం ఊరి సంఘం ఏటా పెట్టే ఈ మంచు శిబిరానికి ఆమె సలహాదారు. కెనడా దక్షిణాది మనిషి. చాలామందిలా ఏడాదికే పారిపోకుండా నాలుగేళ్ళుగా ఇక్కడే నిలిచింది. ముఖం చూస్తేనే తెలుస్తుంది, ఆ నాలుగేళ్ళూ సరిగా నిద్రపోలేదని.

"జోటామీ, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?"

అతను లేచి మోకాళ్ళ మంచు దులుపుకున్నాడు.

"పాపకు మీ అమ్మగారి పేరు పెట్టారని నాకు తెలుసు. దాన్ని నేను గౌరవిస్తాను. నిజంగానే," అంది మొయిరా. "కానీ తనకి ఆరేళ్ళు. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, మీరు తనకి ఒక్కసారి కూడా వద్దు అని చెప్పలేదు. రేపు తను పొయ్యి మీద చెయ్యి పెడతానంటే?"

"పెట్టదు."

"పెడితే?"

అతను దూరంగా కొండవైపు చూశాడు. ఇక్కడి మనుషులు జవాబు తెలియకపోతే మాట్లాడరు. తెలిసినా తొందరగా మాట్లాడరు.

"శనివారం కమిటీ నన్నడుగుతుంది," అంది మొయిరా మెల్లగా. "లీటియా వెళ్ళిపోయాక పాపని మీ దగ్గర ఉంచొచ్చా అని. ఇప్పుడడిగితే నేను ఉంచొచ్చని చెప్పలేను. మీకు ముందే తెలియాలని చెబుతున్నాను."

లీటియా అతని అక్క. రెండేళ్ళుగా పిల్లను పెంచుతున్నది ఆమే. ఇప్పుడు ఆమె మూత్రపిండాలు పాడైపోయాయి. రక్తం శుద్ధి చేసే యంత్రం ఒట్టావాలో ఉంది కాబట్టి ఇక ఆమె బతుకు కూడా అక్కడే. పిల్ల తల్లి దక్షిణానికి పోయి చాలా కాలమైంది. జోటామీ పనికిరాడని తేలితే తపీసాను విమానమెక్కించి, అక్కడెక్కడో చెట్ల మధ్య ఇళ్ళలో, ఎవరో తెలియనివాళ్ళ దగ్గర పెడతారు. అలా వెళ్ళిన పిల్లలు భాష మరిచిపోయి తిరిగొస్తారు. కొందరు అసలు రారు.

"సరే," అన్నాడు జోటామీ. మందు మానినవాడు లోకం చెప్పే ప్రతిదానికీ ఈ ఒక్క మాటే చెప్పడం నేర్చుకుంటాడు.

మధ్యాహ్నం పెద్ద గుడారంలో అందరూ స్టవ్ చుట్టూ కూర్చున్నారు. వచ్చినవి మూడు కుటుంబాలు. పెద్దదిక్కుగా మియాలీ ఉంది. డెబ్బై దాటిన మనిషి. పళ్ళు నాలుగే ఉన్నా పేకాటలో ఎవరినీ గెలవనివ్వదు. జోటామీ తల్లికి ఆమె చిన్ననాటి స్నేహితురాలు. అందుకే ఈ ఆరేళ్ళ తపీసాతో కూడా ఈడుదానిలాగే కబుర్లాడుతుంది.

"ఏమే తపీసా, చారు తాగవేం? ఉప్పు చాల్లేదంటావా మళ్ళీ?" అంది మియాలీ, కప్పు పిల్ల చేతికిస్తూ. తర్వాత మొయిరా వైపు తిరిగి, ఇంగ్లీషులో, "దీని సంగతి మీకు తెలీదు. ముప్పై ఏళ్ళు నా చేతి చారు తాగింది, ఒక్కరోజు బాగుందన్న పాపాన పోలేదు. ఎవరి వంటకైనా ఉప్పు చాలదనేది," అంది.

పిల్ల చారు తాగి, ఏమీ అనకుండా కప్పు కింద పెట్టి ఆటకు పోయింది. మియాలీ కొంచెం నిరాశపడింది.

ఒక్కొక్కరూ తమ తాగుడు సంగతి చెప్పుకున్నాక వంతు జోటామీకి వచ్చింది. అతను చేతుల్లో చేతులు పెట్టుకుని నేల మీది కారిబూ జింక తోలును చూస్తూ మాట్లాడాడు.

"అమ్మ ఆరోగ్య కేంద్రంలో పడుకుని ఉంది. పచ్చి కార్జం తినాలనుందిరా అంది. వేడివేడిగా, కొవ్వుతో కలిపి. వెళ్ళాను. సీల్ దొరికింది. తిరిగొస్తుంటే దారిలో ఒకడు సీసా చూపించాడు. మొత్తం ఇచ్చేశాను. కార్జంతో సహా. నాకు తెలివొచ్చేసరికి అమ్మని పాతిపెట్టేశారు."

మియాలీ స్టవ్ మంట తగ్గించింది.

"ఆ తర్వాత తుపాకీ ముట్టలేదు. ఈ వారం ఒక్క సీల్ దొరికితే చాలు. అమ్మకి కార్జం పెట్టాలి."

"పాప తింటే మీ అమ్మగారు క్షమించినట్టా?" అని అడిగింది మొయిరా.

"అవును."

"తినకపోతే?"

ఆ సంగతి అతనెప్పుడూ ఆలోచించలేదు. ఆ గుడారంలో ఎవరూ ఆలోచించినట్టు లేరు. మియాలీ పేకముక్కలు కలుపుతూ, "తింటుందిలెండి. కార్జమంటే దానికి ప్రాణం," అని తేల్చేసింది.

మర్నాడు గాలి పడిపోయింది. సీల్‌లు మంచు మీదికొచ్చి ఎండ కాచుకునే రోజు. జోటామీ సంఘంవాళ్ళ తుపాకీ తీసి, గొట్టంలో గుడ్డ దూర్చి తుడిచాడు. స్కీడూ మంచుబండి వెనక చెక్కబండి కట్టి, తాడు ముడులన్నీ ఒకటికి రెండుసార్లు లాగి చూశాడు. ముడులు వేయడం చేతులు మరిచిపోలేదు. అది అతనికే ఆశ్చర్యంగా ఉంది.

"నేనూ వస్తా అబ్బాయ్," అంది తపీసా.

ఆమెను గుడారం దగ్గరే ఉంచాలని అతనికి ఉంది. నోటిదాకా వచ్చింది. "సరేనమ్మా," అన్నాడు. పిల్లకు తోడుగా మియాలీ ఎక్కింది. ఎలా వేటాడతాడో చూస్తానని మొయిరా కూడా ఎక్కింది.

గంటసేపు పోయాక దూరంగా మంచు మీద నల్లటి మచ్చ కనబడింది. బండి ఆపేసి, తెల్లగుడ్డ కట్టిన చిన్న తెరను ముందు పట్టుకుని అతను బోర్లా పడుకుని పాకడం మొదలుపెట్టాడు. సీల్ నిద్ర చిత్రమైన నిద్ర. తల వాలుస్తుంది, కాసేపటికి ఉలిక్కిపడి లేచి నాలుగు దిక్కులూ చూస్తుంది, మళ్ళీ వాలుస్తుంది. తల వాల్చినప్పుడు పాకాలి, ఎత్తినప్పుడు రాయిలా ఉండిపోవాలి. మోచేతుల కింద మంచు కరిగి చొక్కాలోకి నీళ్ళు వస్తున్నాయి. అతనికి అవేవీ తెలియడం లేదు. ఆ నల్లటి వీపు, అందులో ఉన్న వెచ్చటి కార్జం, అంతే.

తుపాకీ తెర చిల్లులో పెట్టి గురి చూశాడు. సీల్ తల ఎత్తింది. మళ్ళీ వాల్చేదాకా ఆగుదామని, పట్టేసిన మెడను కొంచెం పక్కకు తిప్పాడు. అప్పుడు కనబడింది ఎర్రకోటు.

తపీసా బండికి చాలా దూరంగా వచ్చేసింది. బండి అవతల, గాలికి చాటుగా, మియాలీ, మొయిరా వంగి టీ పొయ్యి వెలిగిస్తున్నారు. పిల్ల తలవంచుకుని ఏదో పాడుకుంటూ నడుస్తోంది. ఆమె ముందు మంచు మీద బూడిదరంగు చార అడ్డంగా పరుచుకుని ఉంది. పైన పల్చటి పొడి మంచు కప్పిన నెర్ర అది. కింద సముద్రం.

"తపీసా!"

ఆ కేక తన గొంతులోంచే వచ్చిందని అతనికి వెంటనే తెలియలేదు.

"తపీసా! ఆగక్కడ! కదిలావో చంపేస్తాను!"

సీల్ బుడుంగున నీళ్ళలోకి జారిపోయింది. పిల్ల ఉన్నచోటే కూలబడింది. అతను తుపాకీ వదిలేసి పరిగెత్తాడు. నెర్రకు రెండడుగుల ఇవతల కూర్చుని ఉన్న ఆమెను కోటు పట్టుకుని వెనక్కి లాగి, ఎత్తుకుని, వెనక్కి నడుస్తూనే ఉన్నాడు. పిల్ల ఏడవడం లేదు. కళ్ళు పెద్దవి చేసి అతని ముఖం చూస్తోంది. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూస్తోంది.

బండి దగ్గరకు వచ్చేసరికి మియాలీ ముఖం పాలిపోయి ఉంది. పిల్లను తీసుకుని తన కోటులో దూర్చుకుంది. కానీ జోటామీ వైపు చూడలేదు. అతను ఏమని అరిచాడో ఆమె వింది.

మొయిరా టీ పొయ్యి ఆర్పేసింది. "నేను చూసుకోవాల్సింది. క్షమించండి," అంది. కాసేపటికి తేరుకుని, అతని భుజం మీద చెయ్యి వేసింది. "కానీ జోటామీ, మీరు చేసింది సరైన పని. అదే నేను చూడాలనుకున్నది. తండ్రిలా గట్టిగా చెప్పారు. ఇప్పుడు కమిటీకి నేను ఉంచొచ్చని చెప్పగలను."

అతను ఆ చేతిని తీసేశాడు.

"మా అమ్మని పేరు పెట్టి పిలిచాను. చంపేస్తానన్నాను."

"మీరు పాపని కాపాడారు."

"అదెలాగూ చేసేవాణ్ణి. మీరు మెచ్చుకుంటున్నది నేను అరిచినందుకు." అతని గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువగా ఉంది. "అది చూసి ఇస్తానంటే నాకు ఇవ్వకండి. అలా అరిచేవాడు ఇంట్లో ఉండకూడదు. మా నాన్న అలాగే అరిచేవాడు."

మొయిరా వెళ్ళి చెక్కబండి ఎక్కింది. జోటామీ వెళ్ళి మంచు మీద వదిలేసిన తుపాకీ, తెర తెచ్చుకున్నాక అందరూ శిబిరానికి తిరిగారు.

ఆ సాయంత్రం తపీసా అతన్ని అబ్బాయ్ అని పిలవలేదు. ఏమనీ పిలవలేదు. పెట్టిన రొట్టె తింది, చూపించిన చోట పడుకుంది, సీల్ తోలు బూట్లు తొడుక్కోమని ఎవరూ చెప్పకముందే తొడుక్కుని కూర్చుంది. అంత బుద్ధిమంతురాలైన పిల్లను అతను అంతకుముందెప్పుడూ చూడలేదు. పడుకునేముందు రోజూ చెవిలో చెప్పే మాటలు ఆ రోజు కూడా చెప్పాడు. "అమ్మా, ఆ రోజు తాగి నేను రాలేదు. ఇవాళ అరిచాను. నన్ను క్షమించమ్మా, నువ్వు క్షమిస్తే మళ్ళీ తాగను." పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, నిద్రపోతున్నట్టు పడుకుంది. నిద్రపోవడం లేదని అతనికీ తెలుసు.

పొద్దున్నే మియాలీ గుడారం ముందు పలక వాల్చుకుని ఊరినుంచి తెచ్చుకున్న సీల్ తోలు గీకుతోంది. అర్ధచంద్రంలా వంగిన ఊలూ కత్తి కొవ్వును పొరలు పొరలుగా తీసుకుంటూ కిందికి జారుతోంది. జోటామీ వచ్చి తోలు అంచు బిగించి పట్టుకున్నాడు. చాలాసేపు ఇద్దరూ పనే చేశారు.

"గుడ్డ గుడారంరా నాది," అంది మియాలీ ఉన్నట్టుండి. "నీదీ గుడ్డదే. నువ్వు చెప్పేవన్నీ నాకు వినబడతాయి. రోజూ దాని చెవిలో అదే పాట. క్షమించమ్మా, క్షమించమ్మా. బతికుండగా మీ అమ్మయినా ఇన్నిసార్లు వినేది కాదు. నోర్మూసుకుని పడుకోరా అనేది."

అతను తల దించుకున్నాడు.

"నిన్న నీ కేక విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్తున్నా. రాత్రంతా ఆలోచించాను. నేను చూసుకోలేదు కాబట్టే కదా నువ్వు అరిచింది, ఆ తప్పులో నాకూ వాటా ఉంది." కత్తిని తోలు అంచుకు తుడిచింది. "అది సరే. మీ అమ్మకి చివరి ఏడాది కళ్ళు మసకలొచ్చాయి, గుర్తుందా? ఒంటరిగా చెరువు మీదికి చేపలకి పోతానని గొడవ చేసేది."

"గుర్తుంది."

"పోనిచ్చావా?"

"లేదు. స్కీడూ తాళంచెవి దాచేశాను."

"అరిచావా?"

"ఎందుకరుస్తాను? గాలి బాగాలేదమ్మా, రేపెళ్దాం అన్నాను. మర్నాడు నేనే తీసుకెళ్ళాను."

"మరి?" మియాలీ కత్తి ఆపి, మొట్టమొదటిసారి అతని ముఖంలోకి చూసింది. "అమ్మకి అడ్డుపడటం నీకు చేతకాని విద్యేం కాదు కదరా. ఆ మొయిరా మన అమ్మల్ని చూళ్ళేదు, ఆమెకి తెలీదు. నీకేమైంది? అమ్మ వద్దంటే వద్దు, కావాలంటే కావాలి అని తోకాడిస్తున్నావు. భయం నీకు. ఎక్కడ కోపమొచ్చి మళ్ళీ పోతుందో అని."

అతను తోలు వదిలేసి, కొవ్వు అంటిన చేతుల్ని మంచులో రుద్దుకుంటూ ఉండిపోయాడు. తర్వాత లేచి వెళ్ళి తుపాకీ తీసుకున్నాడు.

తపీసా గుడారం గుమ్మంలో నిలబడి చూస్తోంది. వస్తానని అడగలేదు. అతనే ఆగి, "ఇవాళ నేనొక్కణ్ణే వెళ్తానమ్మా. మంచు బాగాలేదు. నువ్వు మియాలీ దగ్గర ఉండు," అన్నాడు. పిల్ల తలూపింది.

మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాడు. బండి మీద సీల్ ఉంది. పొగలా ఊపిరి వదులుతూ దాన్ని దింపాడు. దాని దాహం తీర్చడానికి, చంపిన చోటే గుప్పెడు మంచు నోట్లో కరిగించుకుని ఆ నీళ్ళు దాని నోట్లో వదిలి వచ్చాడు, తల్లి నేర్పినట్టే. చేతులు వణకలేదు. వణకలేదన్న సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది, కానీ ఎవరికి చెబుతాడు?

గుడారంలో అట్టపెట్టె విప్పి పరిచి, దాని మీద సీల్‌ను కోశారు. మియాలీ ఒక పక్క, మొయిరా ఒక పక్క కూర్చున్నారు. మిగతా రెండు కుటుంబాలకు చెరో భాగం పంపేశారు. జోటామీ కార్జం బయటికి తీశాడు. అది ఇంకా వెచ్చగా ఉంది. అందులోంచి అందమైన ముక్క కోసి, తెల్లటి కొవ్వు పలుచగా చీరి దానికి చుట్టి, రెండు చేతులతో తపీసాకు అందించాడు.

"తినమ్మా."

ఆ మాట ఏడేళ్ళుగా అతని గొంతులో ఉంది.

పిల్ల ముక్క నోట్లో పెట్టుకుంది. ఒకసారి నమిలింది. రెండోసారి నమిలింది. ముఖం వికారంగా పెట్టి, ఎటు చూడాలో తెలియక అటూ ఇటూ చూసి, అరచేతిలోకి ఉమ్మేసింది.

మియాలీ నోరు తెరుచుకుని ఉండిపోయింది. మొయిరా కప్పు వైపు చూసుకుంది. జోటామీ పిల్ల అరచేతిలో నలిగిన ఆ ముక్కను చూస్తున్నాడు. దానికి ప్రాణం అన్నారు. అమ్మకు ప్రాణమే.

తపీసా అతని దగ్గరకు జరిగింది. మెల్లగా, తమ భాషలో అడిగింది.

"నాకిది ఇష్టం లేదు. ఇప్పుడు నువ్వు మళ్ళీ తాగుతావా?"

రోజూ చెవిలో తను పోసిన మాటలన్నీ ఆ చిన్న తలలో ఎక్కడ దిగబడ్డాయో అప్పుడు తెలిసింది. అమ్మ క్షమించాలని తను కూర్చుంటే, తనని మందు ముట్టకుండా చూసుకునే బరువు ఆరేళ్ళ పిల్ల మోస్తోంది. నిన్నటినుంచి బూట్లు తొడుక్కుని బుద్ధిగా కూర్చున్నది అందుకే. సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి.

చెయ్యి చాపి ఆమె అరచేతిలోని ముక్క తీసుకున్నాడు. దాన్ని తన నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు.

"నీకేం కావాలమ్మా?"

"నూడుల్స్."

"చేస్తాను."

సంచిలోంచి ప్యాకెట్ తీసి, గిన్నెలో మంచుగడ్డలు వేసి స్టవ్ మీద పెట్టాడు. పిల్ల పక్కకొచ్చి ప్యాకెట్ లాక్కోబోయింది. "పచ్చివే తింటా."

"వద్దమ్మా. ఉడకనీ."

"ఇప్పుడే కావాలి."

"ఉడికాకే పెడతాను. కూర్చో అమ్మా." గొంతు పెంచలేదు. ప్యాకెట్ వదల్లేదు.

ఆమె అతని ముఖంలోకి పరీక్షగా చూసింది. నిన్న మంచు మీద అరిచిన మనిషి అక్కడ కనబడలేదు. వెళ్ళి తోలు మీద బాసింపట్టు వేసుక్కూర్చుంది.

మొయిరా ముందుకు వంగింది. "ఇందాక పాప ఏదో అడిగింది. ఏమంది?"

మియాలీ తటాలున అందుకుంది. "ఏముంది, కార్జం చేదుగా ఉందంది. పిల్లలు కదా." చెబుతూ కళ్ళతోనే జోటామీని నోరు మూసుకోమంది. ఆ మాట మొయిరాకు తెలిస్తే రేపు కమిటీలో ఏమవుతుందో అక్కడున్న పెద్దవాళ్ళిద్దరికీ తెలుసు.

జోటామీ గిన్నెలో నీళ్ళు మరగడం చూస్తున్నాడు. నూడుల్స్ విరిచి అందులో వేసి, చెంచాతో కిందికి నొక్కాడు.

"కాదు," అన్నాడు ఇంగ్లీషులో. "నేను మళ్ళీ తాగుతానా అని అడిగింది."

మియాలీ తల పట్టుకుంది. మొయిరా చేతిలోని కప్పు కింద పెట్టింది.

"మీరేం చెప్పారు?"

"ఏం కావాలమ్మా అన్నాను. నూడుల్స్ అంది."

"ఇంకేమీ చెప్పలేదా?"

"ఏం చెప్పను? తాగనంటే అది మాటే. అలాంటి మాటలు ఊరంతా విన్నారు, అమ్మ కూడా విన్నది." అతను గిన్నె దించాడు. "నన్ను కనిపెట్టుకుని ఉండటం తన పని కాదు. నా పని. రేపూ వండుతాను. ఎల్లుండీ వండుతాను. తన పని తినడం."

నూడుల్స్ గిన్నెలోకి వంచి, ఊది చల్లార్చి, పిల్ల ముందు పెట్టాడు. ఆమె ఆకలిగా మొదలుపెట్టింది.

మొయిరా కళ్ళజోడు తీసి స్వెట్టరుతో తుడుచుకుంది. తుడుచుకోవాల్సింది కళ్ళజోడు ఒక్కటే కాదు. "రేపు కమిటీలో ఇదే చెబుతాను," అంది.

"ఏది, నూడుల్స్ సంగతా?" అంది మియాలీ అనుమానంగా.

"అదే. పాపని అతని దగ్గరే ఉంచమని చెబుతాను. మీరు రోజూ వాళ్ళింటికి ఒకసారి వెళ్ళిరావాలి."

"పేకాటకి ఎలాగూ వెళ్తాను," అంది మియాలీ.

జోటామీకి ఆ మాటలు దూరంగా ఎక్కడో వినబడ్డాయి. సంతోషించే ఓపిక కూడా లేదు అతనికి. అట్ట మీద మిగిలిన కార్జాన్ని ముక్కలుగా కోసి, ఒక్కొక్కటీ కొవ్వుతో కలిపి తినడం మొదలుపెట్టాడు. అమ్మ అడిగింది, అమ్మ ఇక తినదు. ఆ ఒక్కటీ ఎప్పటికీ తీరదు. నములుతుంటే కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. అతను తుడుచుకోలేదు, ఎవరూ తుడుచుకోమని చెప్పలేదు.

తపీసా చెంచా గిన్నెలో పెట్టి తలెత్తింది. మూతి అంతా నూడుల్స్ చారు. కనుబొమలు ముడిపడి ఉన్నాయి.

"అబ్బాయ్," అంది. "ఉప్పు చాల్లేదురా."

మియాలీ చేతిలోని పేకముక్కలు ఒళ్ళో పడిపోయాయి.

జోటామీ లేచి ఉప్పు డబ్బా కోసం వెతికాడు.